మార్పు లేని పిల్ల

అల్లవరం,
12 ఫిబ్రవరి 1996

ప్రసాదూ,

ఇది మీ అక్క సత్యనారాయణమ్మ కోపంగా ఉండి రాస్తున్న ఉత్తరం. అయినా ముందు క్షేమ సమాచారమే చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. అందరం బాగున్నాం. మీ బావగారికి మోకాలి నొప్పి తగ్గింది. మాధురి ఎనిమిదో తరగతి అర్ధ సంవత్సర పరీక్షల్లో లెక్కలు తప్పింది. మేనమామ పోలికట, మీ బావగారు అంటున్నారు.

ఐసు లారీ ఎక్కి కలకత్తా చూసొస్తానని వెళ్ళినవాడివి, నాలుగేళ్ళయినా దాని పక్కన ఆ నైహాటిలోనే ఉండిపోయావు. చేప పిల్లల్ని ఆక్సిజన్ సంచుల్లో కట్టే పని దొరికిందన్నావు, మంచిదే. కాలువ గట్టు పక్కనున్న మన అరెకరం చెరువుకి నువ్వే పిల్ల పంపుతానన్నావు, ఇంకా మంచిదే. కానీ పోయిన ఏడు పంపిన బొచ్చె పిల్లా, శీలావతి పిల్లా ఏం పిల్లరా అది! సగం సంచుల్లోనే చచ్చి తేలింది. మిగిలిన సగం పది నెలలయినా అరచెయ్యి దాటలేదు. మీ బావగారు గట్టు మీద కూర్చుని నీళ్ళ వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూస్తారు. నోరు తెరిచి ఏమీ అనరు. అంటే బాగుండును, నేనూ నాలుగు మాటలు అందును.

ప్రస్తుతానికి మాకు కాలువే దిక్కు. గండికి అడ్డంగా వెదురు మావులు పెడితే తెల్లారేసరికి వాటిల్లో జెల్లలూ, మట్టగిడసలూ, మార్పు చేపలూ పడుతున్నాయి. మార్పుల్ని తపేలాలో నీళ్ళు పోసి, ప్రాణంతోనే అమలాపురం పట్టుకెళతాను. బాలింతలున్న ఇళ్ళవాళ్ళు నా కోసం ఎదురు చూస్తూ ఉంటారు. మార్పు పులుసు తింటే ఒంట్లో రక్తం పడుతుందని నమ్మకం కదా. నిన్న ఒక ముసలావిడ తపేలాలో చెయ్యి పెట్టి, ముల్లు గుచ్చుకుని నన్ను తిట్టింది. చేపని తిట్టాలి గానీ నన్నెందుకమ్మా అన్నాను.

అసలు సంగతికి వస్తాను. ఈసారి పిల్లలో మార్పు ఉండాలి. మార్పు లేని పిల్ల మాకొద్దు. ఇది మీ బావగారు చెబితే రాసిన మాట, ఒక్క అక్షరం నేను చేర్చలేదు.

నీ మంచి కోరుతూ, నీ చెవి మెలిపెట్టాలని కూడా కోరుతూ,
అక్క

~

నైహాటి,
20 జూన్ 1996

అక్కా,

నీకూ, బావగారికీ నమస్కారాలు. చెవి జాగ్రత్తగానే ఉంది, వచ్చినప్పుడు మెలిపెడుదువు గాని.

నువ్వు కోరినట్టే పంపుతున్నాను. ఐసు లారీ తోలే మన బుల్లబ్బాయి తిరుగు ప్రయాణంలో తెస్తాడు. మొత్తం ఐదు సంచులు. నాలుగింటిలో మామూలే. ఎర్ర తాడు కట్టిన ఐదోది మాత్రం నీ కోసం ప్రత్యేకంగా మా యజమాని బాబుని బతిమాలి తీసుకున్నాను. కొత్త రకం. నాలుగు నెలల్లో కిలో తూగుతుందని ఇక్కడ ఎగబడి కొంటున్నారు. తెరిచి చూడు, నువ్వే ఆశ్చర్యపోతావు. ఇక తమ్ముడు దండగ అన్న మాట నీ నోట రాకూడదు.

మన ఊరి బంగారరాజుగారు ఈ ఏడు నుంచి మా దగ్గరే పిల్ల కొంటున్నారు, తెలుసా? ఆయన మనిషి వచ్చి వెళ్ళాడు. మన ఊరి పేరు ఇక్కడ వినబడితే ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. అతన్ని కూర్చోబెట్టి టీ తాగించాను. ఇక్కడ చేపల పులుసులో ఆవనూనె పోస్తారక్కా. మొదటి ఏడాది ఏడ్చాను. ఇప్పుడు అది లేకపోతే తినబుద్ధి కావడం లేదు.

సంచి తెరిచాక వెంటనే రాయి.

మాట నిలబెట్టుకున్న,
ప్రసాదు

~

అల్లవరం,
8 డిసెంబర్ 1996

తమ్ముడూ,

బతికే ఉన్నాం. ఈ ముక్క ముందు చదువుకుని, ఊపిరి పీల్చుకుని మిగతాది చదువు. టెలిగ్రాం ఇద్దామంటే తపాలా ఆఫీసుకే కప్పు లేదు.

తుఫాను సంగతి పేపర్లో చూసే ఉంటావు. నేను రాయలేను. మేం ముగ్గురం బడిలో ఉన్నాం, బడి నిలబడింది. ఇంటి పైకప్పు పోయింది. దొడ్లో పదకొండు కొబ్బరి చెట్లుంటే రెండు మిగిలాయి. మనుషులు పోయిన ఇళ్ళు చూశాక చెట్ల కోసం ఏడవడానికి సిగ్గేసింది.

చెరువు గట్టు రెండు చోట్ల తెగి కాలువా, చెరువూ ఒకటైపోయాయి. ఉన్న చేపంతా కాలువలోకి పోయింది. దాన్ని మళ్ళీ కట్టే ఓపిక మీ బావగారికి లేదు, మావులతోనే గడుపుదామంటున్నారు. నువ్వు పిల్ల పంపిన శ్రమ వృథా అయింది, ఏమీ అనుకోకు. నిజానికి ఆ పిల్ల బాగానే ఎదిగింది. బుల్లబ్బాయి జోరు వానలో దింపి వెళితే మీ బావగారు గొడుగు పట్టుకుని ఐదు సంచులూ ఒకేసారి వంచేశారు, నేను చూడనే లేదు. ఎర్ర తాడు మాత్రం మాధురి జడకి కట్టుకుంది. తవుడు చల్లితే నీళ్ళు ఉడుకుతున్నట్టు పైకి లేచేవి. ఏం తిండిరా వాటిది! అక్టోబరులో నా బాతుపిల్లలు రెండు కనబడకుండా పోయాయి. పాము అనుకున్నాం. పాము కనబడలేదు.

నువ్వు అక్కడ క్షేమంగా ఉంటే అదే చాలు. రావద్దు, దారులు బాగాలేవు.

దేవుడి దయవల్ల రాయగలుగుతున్న,
అక్క

~

అల్లవరం,
6 మే 1998

ప్రసాదూ,

నీకు ఒక వింత రాద్దామని రెండు రోజులుగా చెయ్యి దురద పెడుతోంది. మందు వేసుకోవాలా, ఉత్తరం రాయాలా అని చూసి ఉత్తరమే రాస్తున్నాను.

వేసవి కదా, కాలువలకి నీళ్ళు కట్టేశారు. లాకుల కింద మడుగు ఒక్కటే మిగిలింది. ఏటా ఈ రోజుల్లో ఊళ్ళోవాళ్ళందరం వెదురు ఊతబుట్టలు పట్టుకుని ఆ మడుగులో దిగుతాం, నీకు గుర్తుండే ఉంటుంది. నీ ఊతలో పాము పడి నువ్వు పరిగెత్తిన మడుగే. మొన్న నేను ఊత వేస్తే లోపల ఏదో తన్నింది. పై కంతలోంచి చెయ్యి పెట్టి పట్టుకుంటే చేతిలో ఆగలేదు. మీ బావగారొచ్చి ఇద్దరం కలిసి లాగాం. తీరా చూస్తే మార్పు! కానీ మోచేతి పొడుగుంది. ఒంటి నిండా బూడిద రంగు మచ్చలు, ఎనిమిది మీసాలు, మూతి మన మార్పు మూతే. గట్టు మీద పడేస్తే గంటసేపు చావలేదు సరికదా, రెక్కల మీద పాక్కుంటూ మళ్ళీ నీళ్ళ వైపు బయలుదేరింది. కడుపు కోసి చూస్తే అందులో నాలుగు మట్టగిడసలు, ఒక కప్ప, మన అసలు మార్పు ఒకటి.

అలాంటివి ఆ రోజు ఇరవై దాకా పడ్డాయి. అసలు మార్పులు ఎన్ని పడ్డాయో తెలుసా? మూడు. గత ఏడు తపేలా నిండేది. అమలాపురంలో బాలింత ఇంటికి ఇలాంటి పెద్దదాన్నే ఒకదాన్ని పట్టుకెళితే, ఆ ముసలావిడ మచ్చలు చూసి, ఇది మార్పు కాదమ్మా, దాని దెయ్యం అంది. తీసుకోలేదు. ఆవిడ మాటే నిజమైతే నా తపేలాకి ఇక పనే లేదు.

నువ్వు చేపల మధ్యే ఉంటావు కదా. ఇదేమిటో, ఎక్కణ్ణుంచి ఊడిపడిందో చెప్పు. నాకు నిద్ర పట్టడం లేదు. ఎవరో తెచ్చి వదిలి ఉంటారు. ఎవరో తెలిసిందాకా వదలను.

ముల్లు గుచ్చుకున్న వేలికి కట్టు కట్టుకుని రాస్తున్న,
అక్క

~

నైహాటి,
19 జూలై 1998

అక్కా,

జ్వరం వచ్చి జవాబు ఆలస్యమైంది. ఇప్పుడు తగ్గింది.

నువ్వు రాసిన పోలికల్ని బట్టి అది ఆఫ్రికా మార్పు. ఇక్కడ హైబ్రిడ్ అని అమ్ముతారు. ఏదైనా తింటుంది, కోడిపేగులు వేస్తే మరీ ఇష్టం. దీన్ని పెంచకూడదని ఈ మధ్య సర్కారు ఉత్తరువు వచ్చింది. కాలువల్లోకి పోతే సొంత చేపల్ని మిగల్చదట.

పెద్దదైతే మచ్చల్ని బట్టి పోల్చవచ్చు గానీ చిన్నప్పుడు రెండూ ఒకేలా ఉంటాయి. తప్పు పోకుండా ఒక గుర్తు చెబుతాను. నెత్తి మీద గట్టి పెంకు ఉంటుంది కదా, అది మెడ దగ్గర ఆగిన చోట బొటనవేలు పెట్టి తడుము. మన మార్పుకి ఆ అంచు ఒకే మొనగా, నున్నగా ఉంటుంది. దీనికి ఇంగ్లీషు ఎమ్ అక్షరంలా ఎగుడుదిగుడుగా ఉంటుంది.

ఎవరు తెచ్చారో వెతికి ఏం లాభం అక్కా? వచ్చింది వచ్చింది. ఎలా తగ్గించాలో చూడు. వల కట్టి, ఊతలు వేసి, దొరికినదాన్ని దొరికినట్టు తీసెయ్యండి. మళ్ళీ నీళ్ళలో వదలొద్దు. అంతే. మాధురి పదో తరగతి పాసయిందా?

నీ తమ్ముడు,
ప్రసాదు

~

అల్లవరం,
15 నవంబర్ 1998

ప్రసాదూ,

మాధురి పాసయింది. లెక్కల్లో కూడా. ఇప్పుడు నీ ఎమ్ గురించి విను.

నాకు ఇంగ్లీషు అక్షరాలు రావని తెలిసి కూడా రాశావు. మాధురి పలక మీద వేసి చూపించింది. పలక ఒక చేత్తో, చేప ఒక చేత్తో పట్టుకుని నేను కాలువ గట్టు మీద కూర్చుంటే దారినపోయేవాళ్ళంతా ఆగారు. ఎంత తడిమినా పలక మీది అక్షరం కాదు. ఇది ఎమ్ కాదే, మీ మావయ్యకి మతి పోయిందే అన్నాను. మాధురి పలక తలకిందులు చేసి, అమ్మా ఇప్పుడు చూడు, ఇది డబ్ల్యూ అంది. సరిగ్గా అదే! వెంటనే నీకు తప్పు రాశావని ఉత్తరం మొదలెట్టాను. మీ బావగారు చూసి, చేపనే తిప్పి పట్టుకోవే అన్నారు. తోక నా వైపు ఉంటే ఒక అక్షరం, తల నా వైపు ఉంటే ఇంకో అక్షరం. ఆ ఉత్తరం చింపేశాను.

ఇప్పుడు నా బొటనవేలు పండితురాలైపోయింది. కళ్ళు మూసుకుని చెప్పగలను. రెండు తలలు ఉడకబెట్టి, ఎముకలు తీసి బిస్కెట్ల డబ్బాలో దాచాను, ఒకటి మనది, ఒకటి దానిది. నాతో చేపలమ్మే మేరీ డబ్బా తెరిచి చూసి, వదినా నీకు పిచ్చి ముదిరింది అంది. అంది గానీ తనూ వేలు పెట్టి తడిమింది.

ఇక అసలు సంగతి. దొంగ దొరికాడు. బంగారరాజుగారి చెరువుకి వారానికి రెండు సార్లు కోడిపేగుల బస్తాలు వస్తున్నాయి. కోడిపేగులంటే దానికి ఇష్టమని నువ్వే రాశావు. ఆయన పిల్ల కొనేది మీ బాబు దగ్గరేనని కూడా నువ్వే రాశావు. రెండు రెళ్ళు నాలుగు. ఎవరు తెచ్చారో వెతకొద్దని ఎందుకన్నావో ఇప్పుడు అర్థమైంది. మీ బాబుకి పెద్ద బేరం కదా, పేరు బయటికి రాకూడదు. తమ్ముడూ, నువ్వు తినేది వాళ్ళ ఉప్పు కావచ్చు గానీ పుట్టింది ఈ కాలువ గట్టు మీద.

నొచ్చుకున్న,
అక్క

~

నైహాటి,
9 డిసెంబర్ 1998

అక్కా,

నీ కాళ్ళు పట్టుకుంటాను, తొందరపడకు. బంగారరాజుగారు మా దగ్గర ఎప్పుడూ ఆ పిల్ల కొనలేదు. ఆయన సంచులు చాలాసార్లు నేనే కట్టాను, నాకు తెలుసు. కోడిపేగులు మామూలు జెల్లకీ వేస్తారు. ఆయన జోలికి వెళ్ళొద్దు. ఇంతకన్నా ఇప్పుడు రాయలేను.

ప్రసాదు

~

అల్లవరం,
10 మే 1999

ప్రసాదూ,

నీ మాట వినలేదు. ఇంతకన్నా రాయలేనన్నావు చూడు, ఆ మాటతో నా అనుమానం గట్టిపడింది.

పోయిన నెల కాలువలు కట్టేసిన మర్నాడు అందరూ ఊతలతో లాకుల దగ్గర చేరారు. మత్స్యశాఖ ఆఫీసరుగారు కూడా వచ్చారు. బంగారరాజుగారు సైకిలు దిగి గట్టు మీద నిలబడ్డారు. నేను మడుగులోంచే, అందరూ వినేలా అనేశాను. "కాలువని పాడు చేసింది మీ చెరువేనండీ రాజుగారూ. ఆ పిల్ల తెచ్చింది మీరేనండీ." ఆయన తుండుగుడ్డతో మొహం తుడుచుకుని, చెరువు ఎండగడతాను, మీరే దిగి చూసుకోండమ్మా అన్నారు.

అన్నట్టే మూడు రోజుల్లో ఇంజను పెట్టి నీళ్ళు తోడించేశారు. చేప ఇంకా అరచెయ్యంతే ఉంది. పట్టుబడికి ఇంకా నాలుగు నెలలుంది. అంతా అయినకాడికి పోయింది. నేనే బురదలో దిగాను. కాలువ నుంచి నీళ్ళొచ్చే తూము మూలన ఆఫ్రికా మార్పులు దొరికాయి. మూడంటే మూడు, జానెడువి. అవిగో అన్నాను. ఊరు నా మాటే నమ్మింది. ఆయన మాత్రం, అవి కాలువలోంచే వచ్చాయేమోనమ్మా అని మెల్లిగా అని ఇంట్లోకి వెళ్ళిపోయారు. ఆ రోజు నుంచి ఆయన్ని చూస్తే జనం పక్కకి తిరుగుతున్నారు.

గెలిచాను కదా, మరి మనసెందుకు బాగాలేదో తెలియడం లేదు. నువ్వయితే చెబుతావని రాస్తున్నాను. రెండు విషయాలు నన్ను తొలుస్తున్నాయి.

ఒకటి. నా మాటల వేడికి కుర్రాళ్ళు మడుగులో మీసం ఉన్న ప్రతి చేపనీ కొట్టి గట్టున కుప్ప పోశారు. నేను వెళ్ళి ఒక్కొక్కదాని నెత్తీ తడిమితే ఆ కుప్పలో తొమ్మిది మనవి. గుడ్లతో ఉన్నవి. మిగిలి ఉన్నవే తొమ్మిదేమో, అవీ పోయాయేమో. అక్కడే కూర్చుని ఏడ్చాను.

రెండోది. కాలువలో పెద్ద చేపలన్నీ, మోచేతి కన్నా పొడుగువన్నీ, రాజుగారి తూము దగ్గర కాదు, మన పాత చెరువు గండి దగ్గర నిలిచిన నీళ్ళలో పడ్డాయి. ఎందుకంటావు? మన గండిలో ఏముందని అక్కడ చేరాయి?

అక్క

~

నైహాటి,
28 మే 1999

అక్కా,

ఈ ఉత్తరంతో పాటు నువ్వు 1996 ఫిబ్రవరిలో రాసిన ఉత్తరం పంపుతున్నాను. నీ ఉత్తరాలన్నీ దాచుకుంటాను. ఎర్ర సిరాతో గీత గీసిన చోట చదువు.

"ఈసారి పిల్లలో మార్పు ఉండాలి. మార్పు లేని పిల్ల మాకొద్దు."

దాని పైనే మావుల్లో మార్పులు పడుతున్నాయనీ, బాలింతలు అడుగుతున్నారనీ రాశావు. అది చదివిన ఊపులో నేను ఇది కూడా చదివాను. అక్కకి చెరువులో మార్పులు పెంచాలని ఉంది అనుకున్నాను. ఇక్కడ దొరికిన మేలు రకం మార్పు హైబ్రిడే. అదేమిటో, ఏం చేస్తుందో నాకప్పటికి తెలియదు, ఒట్టు. ఎర్ర తాడు సంచిలో ఉన్నవి అవే. తుఫానుకి మన గట్టు తెగినప్పుడు కాలువలోకి పోయినవి అవే. నీ బాతుపిల్లల్ని తిన్నవి కూడా అవేనేమో.

98లో నీ ఉత్తరం చదవగానే నాకు తెలిసిపోయింది. పాత ఉత్తరం తీసి చూశాను. పిల్ల బాగాలేదు, ఈసారి మంచిది పంపు అని తిట్టావని అప్పుడు అర్థమైంది. జ్వరం అబద్ధం. నిజం చెబితే బావగారి ముందు నీకు తలవంపులవుతుందనీ, నువ్వు నాతో మాట్లాడవనీ భయపడ్డాను. నేను నోరు విప్పనందుకు ఒక పెద్దమనిషి పదిమందిలో మాట పడ్డారు. నీ గండి ప్రశ్నకి ఇదే జవాబు.

ఏం శిక్ష వేసినా సరే,
ప్రసాదు

~

అల్లవరం,
24 జూన్ 1999

ప్రసాదూ,

నీ ఉత్తరం చదివి ముందు నవ్వొచ్చింది. నిజంగా, పొట్ట పట్టుకుని నవ్వాను. మార్పు కావాలి అంటే మార్పు పంపాడు నా తమ్ముడు! మీ బావగారు ఏమిటని అడిగితే చెప్పబోయి, చెప్పలేక ఏడ్చేశాను. నా దస్తూరీలోనే ఉంది. నువ్వు తప్పు చదివావు, నేను రెండర్థాల మాట రాశాను, మీ బావగారు చూడకుండా సంచి వంచారు. బంగారరాజుగారు మాత్రం ఏమీ చేయలేదు.

మీ బావగారు రెండు ఉత్తరాలూ తీసుకుని చదివి, ఆ మాట రాయమన్నది నేనే కదా, ఇద్దరం వెళదాం పద అన్నారు. వెళ్ళాం. రాజుగారు వీధి అరుగు మీద కొబ్బరి ఈనెలు చీరుతున్నారు. ఎదురుగా నిలబడి రెండు ఉత్తరాలూ చదివి వినిపించాను. నీ ఉత్తరం ఇంకోసారి చదవమన్నారు. చదివాను. చెయ్యెత్తి దండం పెట్టి, తప్పయిపోయిందండీ అన్నాను. ఆయన తిట్టి ఉంటే బాగుండేది.

"నాకు చెప్పేరు, సంతోషం అమ్మా. కానీ అన్నది అందరూ విన్నచోట కదా. తియ్యడం కూడా అక్కడే తియ్యండి."

ఆయ్, అలాగేనండి అన్నాను.

కాలువకి నీళ్ళు వదిలే రోజున లాకుల దగ్గర ఊరంతా చేరింది. గట్టెక్కి, నా ఉత్తరం, నీ ఉత్తరం చదివాను. మార్పు లేని పిల్ల దగ్గరకొచ్చేసరికి ఎవరో కిసుక్కున నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు. రాజుగారి పేరు వచ్చినచోట నవ్వు ఆగిపోయింది. చదవడం అయ్యాక మేరీ నా పక్కకొచ్చి నిలబడింది. నవ్వినందుకు నాకు కోపం లేదు. నా పేరు చెప్పి ఇంకా పదేళ్ళు నవ్వుతారు, నవ్వనీ.

తర్వాత రాజుగారే మాట్లాడారు. తన తూముకి సన్న వల బిగిస్తానన్నారు, చెరువులున్న అందరినీ బిగించమన్నారు. ఏటా కాలువలు కట్టేసినప్పుడు ఆఫ్రికా చేపని ఏరి తీసేయాలి. తీసినవి కొబ్బరి పాదుల్లో పూడ్చాలి. నేనొక్క షరతు పెట్టాను. బొటనవేలు పెట్టి చూడకుండా ఏ చేపనీ కొట్టకూడదు. గుడ్లతో ఉన్న మనదాన్ని మళ్ళీ నీళ్ళలో వదలాలి. బిస్కెట్ల డబ్బా తెరిచి ఎముకలు అందరి చేతికీ ఇచ్చాను. ఆఫీసరుగారు కూడా కళ్ళు మూసుకుని తడిమి, తప్పు చెప్పారు. రెండోసారి సరిగ్గా చెప్పారు.

ఇక నీ సంగతి. తప్పు చదివినందుకు నిన్ను క్షమించేశాను. పంపినందుకు కూడా. దాచినందుకు మాత్రం కోపం తగ్గలేదు. ఆ ఏడాది నువ్వు నోరు మూసుకోకపోతే నేను మడుగులో నిలబడి ఆ మాట అనేదాన్ని కాదు. తగ్గాక రాస్తాను. అందాకా రాయకు.

సత్యనారాయణమ్మ

~

నైహాటి,
2 మే 2003

అక్కా,

మాధురికి ఆడపిల్ల పుట్టిందని బుల్లబ్బాయి చెప్పాడు. నాలుగేళ్ళు నువ్వు రాయొద్దన్నావని రాయలేదు. ఇప్పుడు మేనకోడలికి బిడ్డ పుట్టాక కూడా ఊరుకుంటే మనిషినే కాను. కోపం తగ్గకపోతే ఉత్తరం చించెయ్యి, మాధురికి మాత్రం నా ఆశీస్సులు చెప్పు.

నేను ఇప్పటికీ సంచులే కడుతున్నాను. ఆ పిల్లని మాత్రం ముట్టుకోను. కట్టనన్నందుకు మా బాబు ఒకసారి మానిపించాడు కూడా, మనిషి దొరక్క మళ్ళీ పిలిచాడు.

మాధురికి ఒంట్లో రక్తం తక్కువగా ఉందన్నారటగా. అక్కడ మార్పు దొరుకుతోందా? అడగడానికి కూడా నోరు రావడం లేదు.

ప్రసాదు

~

అల్లవరం,
19 మే 2003

తమ్ముడూ,

కోపం ఎప్పుడో తగ్గిపోయింది రా. నువ్వే ముందు రాయాలని నేను పంతం పట్టాను, నేను రాస్తానని నువ్వు ఆగావు. రాయొద్దన్న మాటని కూడా అక్షరాలా చదివావు చూడు, నిన్నేమనాలి!

పాప మాధురి పోలిక. మీ బావగారు ఎత్తుకుంటే దించరు. మాధురి నీరసంగా ఉంది, మందులు వాడుతున్నాం.

కాలువ సంగతి. ఆఫ్రికాది పూర్తిగా పోలేదు, పోదు కూడానట. కానీ ఏటా తగ్గుతోంది. మొదటి ఏడు ఎడ్లబండి నిండింది, ఈ ఏడు రెండు గంపలు. మట్టగిడసలు, పరిగెలు మళ్ళీ కనబడుతున్నాయి. మార్పు మాత్రం ఈ నాలుగేళ్ళలో ఒక్కటి కూడా పడలేదు. ఆ కుప్పలోవే ఆఖరివి అనుకున్నాను. అమలాపురంలో బాలింతల ఇళ్ళవాళ్ళు అడగడం మానేశారు. సొంత కూతురు బాలింతగా ఉంటే నా తపేలా బోర్లించి ఉంది.

మొన్న పొద్దున్న రాజుగారు మన గుమ్మంలోకి వచ్చారు. లాకుల దగ్గర చదివిన రోజు తర్వాత ఎదురుపడితే పలకరిస్తున్నారు గానీ మన ఇంటికి రావడం ఇదే మొదలు. చేతిలో మూత పెట్టిన చెంబు. తూముకి కట్టిన వల దగ్గర దొరికిందమ్మా, అమ్మాయి బాలింత కదా అని తెచ్చేను అన్నారు. మూత తీస్తే మీసాలు. చెయ్యి పెట్టబోతే ఆయనే అన్నారు.

"నేను చూసేనమ్మా. అయినా మీ వేలితో ఒకసారి చూడండి."

చూశాను. నున్నగా, ఒకే మొన. కడుపు ఉబ్బి ఉంది, నిండా గుడ్లు.

లోపల మంచం మీద నా కూతురు. చేతిలో చేప. చెంబు పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు. మాధురి లోపల్నుంచి, అమ్మా, అది వండితే నేను తినను, షరతు పెట్టింది నువ్వే కదా అంది. కళ్ళ నీళ్ళతో రాజుగారి వైపు చూశాను. ఆయన చెంబు అందుకుని, నడవండమ్మా అన్నారు. ఇద్దరం లాకుల దాకా నడిచాం. నా చేత్తోనే వదిలాను. ఒక్కసారి బురద లేపి లోపలికి పోయింది.

మాధురికి ఆ పూట కొర్రమీను పులుసు పెట్టాను.

నువ్వు బయలుదేరి రా. మనవరాలిని చూడాలి, చెవి బాకీ కూడా ఉంది. ఇంకొక్క మాట రాసి ముగిస్తాను. మన కాలువలో మార్పు ఉంది. ఈసారైనా సరిగ్గా చదువుకో.

అక్క